కరిగిన అణువు నీటిని ఎలా నడిపిస్తుంది? మాగాయ ఊట నుంచి ఓఆర్‌ఎస్ దాకా

రెండు గాజు గొట్టాలు తీసుకుందాం. ఒకదాంట్లో లీటరుకు 9 గ్రాముల లెక్కన ఉప్పు కలిపిన నీళ్లు, రెండోదాంట్లో లీటరుకు 18 గ్రాముల లెక్కన యూరియా కలిపిన నీళ్లు. కరిగిన రేణువులను లెక్కపెడితే రెండూ దాదాపు సమానం. మన రక్తంలో కరిగి ఉన్న రేణువుల లెక్కకూ దాదాపు సమానమే. రెండింట్లోనూ ఒక్కో చుక్క రక్తం వేసి, గొట్టాల వెనక వార్తాపత్రిక పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఉప్పునీళ్ల గొట్టం ఎర్రగా, మసకగా ఉంటుంది, వెనక అక్షరాలు కనపడవు. యూరియా గొట్టం మాత్రం కాసేపట్లోనే తేటపడుతుంది. ఎర్రగాజులోంచి చూసినట్టు హెడ్డింగులు చదువుకోవచ్చు. ఆ గొట్టంలోని ఎర్ర రక్తకణాలన్నీ నీళ్లు తాగి ఉబ్బి పగిలిపోయాయి.

పలుచటి ద్రావణం నుంచి చిక్కటి ద్రావణంలోకి నీరు పోతుందని బడిలో చదువుకున్నాం. ఆ వాక్యాన్నే నమ్ముకుంటే రెండో గొట్టంలో ఏమీ జరగకూడదు. లోపలా బయటా చిక్కదనం ఒకటే కదా. అయినా కణం పగిలింది. వాక్యం తప్పు కాదు, సగమే చెప్పింది. మిగతా సగం పొర దగ్గర ఉంది.

ఆ సగం తెలియకపోతే వార్తలు కూడా అర్థం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అనే మాట వాడొద్దని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది. ‘అందులోనూ ఉప్పూ పంచదారే, ఇందులోనూ ఉప్పూ పంచదారే, కాస్త తీపి ఎక్కువైతే ఏమవుతుంది?’ అని అప్పట్లో చాలామంది అడిగారు. జవాబు లెక్కల్లోనే ఉంది. దాని దగ్గరికి వెళ్లేలోపు కొన్ని మెట్లు ఎక్కాలి.

మాటలకు అర్థాలు, మాగాయ సాక్షిగా

కరిగే పదార్థం ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ కలిస్తే ద్రావణం. పానకంలో బెల్లం ద్రావితం, నీరు ద్రావణి. రెండు ద్రావణాల మధ్య ఒక పొర ఉండి, అది నీటిని సులువుగా పోనిచ్చి ద్రావితాన్ని ఆపితే, ద్రావితం ఎక్కువున్న వైపుకు నీరు తనంతట తానే నడుస్తుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. ఆ నడకను సరిగ్గా ఆపడానికి ద్రావణం వైపు నుంచి ఎంత ఒత్తిడి పెట్టాలో అదే ఆ ద్రావణపు ద్రవాభిసరణ పీడనం.

మాగాయ పెట్టే ఇంట్లో ఇది ఏటా జరిగే ప్రయోగమే. చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో ఉంచుతారు. ఒక్క చుక్క నీరు పోయకపోయినా మర్నాటికి ఊట తేలుతుంది. ముక్కలోని ప్రతి కణం చుట్టూ ఉన్న పొర ఉప్పును ఆపి నీటిని వదులుతుంది, ఆ నీరే ఊట.

మూడో రోజుకు కథ మారుతుంది. నీరు కోల్పోయిన కణాలు చచ్చిపోయి, వాటి పొరలు చిల్లులు పడతాయి. అప్పుడు ఉప్పు ముక్క లోపలికి స్వేచ్ఛగా పోతుంది. మాగాయ ముక్క లోపలిదాకా ఉప్పగా ఉండేది అందుకే. లోపలా బయటా ఉప్పు సమానమయ్యాక, ఇంకెంత ఉప్పు చల్లినా మొదటి రోజులా నీరు లాగదు. అందుకే ముక్కల్ని పిండి ఎండలో పెడతారు. ఉప్పు అదే, నీరు అదే, మారింది పొర. ఈ వ్యాసంలో మిగతాదంతా ఒక రకంగా ఆ మూడు రోజుల కథకు వివరణే.

పంది మూత్రాశయం, మట్టి కుండ, ఒక సమీకరణం

1748లో ఫ్రాన్స్‌లో నొల్లే అనే మతాచార్యుడు సారా నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయం బిగించి కట్టి నీళ్లలో ముంచాడు. కొన్ని గంటలకు ఆ మూత డోలు తోలులా బిగిసి పైకి ఉబ్బింది. సూదితో పొడిస్తే ద్రవం చిమ్మింది. ద్రవాభిసరణను రాతపూర్వకంగా నమోదు చేసిన తొలి సంఘటన ఇదేనని సాధారణంగా చెబుతారు. 

అంకెలు రావడానికి ఇంకో 130 ఏళ్లు పట్టింది. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫెఫర్ మెరుగు పూయని మట్టి పాత్ర గోడ రంధ్రాల్లో కాపర్ ఫెర్రోసయనైడ్ పొర పేరుకునేలా చేశాడు. మెత్తటి పొరకు మట్టిగోడ ఆసరా కాబట్టి ఎక్కువ ఒత్తిడి వచ్చినా చిరగదు. 1877లో ఆయన ప్రచురించిన కొలతల్లో 1 శాతం పంచదార ద్రావణం దాదాపు 53 సెంటీమీటర్ల పాదరసం ఎత్తుకు సమానమైన ఒత్తిడి చూపించింది.

ఆ అంకెల్ని చూసిన డచ్ రసాయనశాస్త్రవేత్త వాంట్ హాఫ్‌కు ఒక విచిత్రం తట్టింది. లీటరు నీటిలో కరిగిన పంచదార అణువులు, అదే లీటరు ఖాళీలో వాయువుగా ఉంటే ఎంత ఒత్తిడి చూపించేవో దాదాపు అంతే ద్రవాభిసరణ పీడనం వస్తోంది. లెక్క తేలిక. మోల్ అంటే రేణువులను లెక్కపెట్టే ప్రమాణం, డజను లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర, లీటరులో 1 మోల్ రేణువులు ఉంటే 24.6 అట్మాస్ఫియర్లు. లీటరుకు 34 గ్రాముల పంచదార అంటే 0.1 మోల్, కాబట్టి దాదాపు 2.5 అట్మాస్ఫియర్లు. అది 25 మీటర్ల ఎత్తు నీటి స్తంభపు బరువుతో సమానం. గ్లాసుడు తియ్యటి నీళ్లలో ఎనిమిది అంతస్తుల ఎత్తు దాగి ఉందంటే నమ్మబుద్ధి కాదు. పొర అడ్డం పెట్టేదాకా అది బయటపడదు. 1901లో ఇచ్చిన మొట్టమొదటి రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వాంట్ హాఫ్‌దే.

ఈ సూత్రం రేణువుల సంఖ్యను మాత్రమే చూస్తుంది. ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది కనుక ఒక్కో ఉప్పు జంట రెండు రేణువుల కింద లెక్క. ఇంకో మాట, ఇది పొర ద్రావితాన్ని నూటికి నూరుపాళ్లు ఆపినప్పుడు పనికొచ్చే సూత్రం. ఆ షరతును మర్చిపోతేనే మొదట్లో చెప్పిన యూరియా గొట్టం మనల్ని మోసం చేస్తుంది.

నీళ్లు ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి?

ద్రావితం చోటు ఆక్రమించుకోవడం వల్ల ద్రావణంలో నీటి సాంద్రత తగ్గుతుంది, అందుకని నీరు ఎక్కువున్న చోటు నుంచి అటు విసరణ చెందుతుంది, అంటే దానంతటదే వ్యాపిస్తుంది అనే వివరణ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. చెప్పడానికి సులువు, పిల్లలకు గుర్తుంటుంది, దిశ కూడా చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. అందుకే ఇంతకాలం నిలిచింది. కానీ రెండు చోట్ల పట్టు తప్పుతుంది.

మొదటిది. లీటరులో 0.1 మోల్ గ్లూకోజు ఒక పాత్రలో, 0.1 మోల్ పంచదార ఇంకో పాత్రలో ఉన్నాయి. పంచదార అణువు గ్లూకోజుకు దాదాపు రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది, అంటే అంత ఎక్కువ నీటిని తోసేస్తుంది. ఈ వివరణే నిజమైతే పంచదార ద్రావణం దాదాపు రెట్టింపు పీడనం చూపించాలి. రెండూ దాదాపు ఒకే పీడనం చూపిస్తాయి. 

రెండోది వేగం. నీటి అణువులు విడివిడిగా, ఒక్కొక్కటీ తనదారిన పొరను దాటే వేగాన్ని భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) గుర్తుగా వాడి కొలవచ్చు. 1935లో హెవెసీ, హోఫర్, క్రోగ్ కప్ప చర్మంతో ఈ పని చేశారు. ఆ విసరణ వేగంతో లెక్కగడితే వచ్చేదానికంటే అసలు ద్రవాభిసరణ ప్రవాహం ఎక్కువగా ఉంది. నీరు విడివిడిగా కాకుండా గుంపుగా, ఏదో పంపు తోస్తున్నట్టు కదులుతోందన్నమాట. 1957లో అలెక్స్ మారో ఇంకాస్త నేరుగా చూపించాడు. ద్రావితం వల్ల వచ్చే ప్రవాహం, అంతే యాంత్రిక ఒత్తిడి పెడితే వచ్చే ప్రవాహం ఒకటే.

రంధ్రాలే లేని, నీరు పొర పదార్థంలో కరిగి అవతల తేలే పొరల్లో విసరణ వివరణకు ఇప్పటికీ చోటుంది. రంధ్రాలున్న పొరల్లో మాత్రం అది చాలదు. ఉష్ణగతిశాస్త్రం (థర్మోడైనమిక్స్) వైపు నిలబడేవాళ్లది మూడో మాట. నీటి రసాయన శక్మం (కెమికల్ పొటెన్షియల్) తేడా తెలిస్తే దిశా, పీడనమూ తెలిసిపోతాయి, లోపల ఏ యంత్రాంగం ఉందో అనవసరం అంటారు. ఆ మాట నిజమే, తూకం ఎక్కడ కుదురుతుందో చెప్పడానికి అది చాలు. ప్రవాహం ఎంత వేగంగా ఉంటుందో, సగం సగం దూరే అణువు ఏం చేస్తుందో చెప్పాలంటే రంధ్రంలోకి తొంగిచూడక తప్పదు.

ఇరుకు గుమ్మం దగ్గర మంచాలు మోసేవాళ్లు

పెళ్లివారింట్లో ఇరుకు గుమ్మం ఊహించుకోండి. గుమ్మానికి ఇవతల గదిలో జనం, వాళ్ల మధ్య కొందరు మంచాలు మోస్తూ తిరుగుతున్నారు. అవతల గదిలో ఒట్టి జనమే. మంచం మోసేవాడు గుమ్మం దాకా వస్తాడు, మంచం ద్వారబంధానికి తగులుతుంది, వెనక్కి పడతాడు, పడుతూ పక్కవాళ్లనూ వెనక్కి నెడతాడు. ఇది మాటిమాటికీ జరిగితే గుమ్మం ఇవతల అంచున తొక్కిడి తగ్గుతుంది. అవతలి అంచున అలా నెట్టేవాళ్లు లేరు. కాబట్టి గుమ్మంలో ఉన్నవాళ్ల మీద అవతలి నుంచి వచ్చే తోపు ఎక్కువ, ఇవతలి నుంచి తక్కువ. జనం ఇవతలికి జరుగుతారు.

రంధ్రం మూతి దగ్గరా ఇంతే. లోపలికి రాబోయిన ద్రావిత అణువును పొర వెనక్కి తోస్తుంది. ఆ అణువు చుట్టూ ఉన్న నీటిని ఢీకొడుతూ ఆ తోపును నీటికి అందిస్తుంది. ఫలితంగా రంధ్రం లోపల, ద్రావణం వైపు మూతి దగ్గర నీటి పీడనం బయటికంటే పడిపోతుంది. ఎంత పడిపోతుందంటే, సరిగ్గా వాంట్ హాఫ్ చెప్పినంత. రంధ్రం రెండో మూతి దగ్గర ఆ తగ్గుదల లేదు. ఇక రంధ్రం పొడవునా పీడనం తేడా ఉన్నట్టే, నీరు గొట్టంలో పారినట్టు పారుతుంది. ద్రావితం నీటిని ‘పీల్చుకుంటుంది’ అనడం కంటే, పొర ద్రావితాన్ని తోసేయడంలో నీటికి దారి దొరుకుతుంది అనడం సత్యానికి దగ్గర.

యూరియా రహస్యం ఇప్పుడు విడిపోతుంది. ఎర్ర రక్తకణం పొరలో యూరియా దూరిపోయేందుకు ప్రత్యేకమైన దారులున్నాయి. గుమ్మం మంచాన్ని ఆపకపోతే వెనక్కి నెట్టుడూ లేదు. బయటి యూరియా నీటిని బయట పట్టి ఉంచలేదు, పైగా అదే లోపలికి చేరుతుంది. లోపలి హిమోగ్లోబిన్, పొటాషియం బయటికి పోలేవు. కణం దృష్టిలో అది ఒట్టి నీళ్లలో పడ్డట్టే. రేణువుల మొత్తం లెక్కను ఆస్మోలారిటీ అంటారు, ఒక ఫలానా పొర ముందు ఆ రేణువులు నిజంగా చూపించే బలాన్ని టానిసిటీ అంటారు. యూరియా ద్రావణం ఆస్మోలారిటీలో రక్తంతో సమానం, టానిసిటీలో మంచినీళ్లతో సమానం. ఆస్పత్రిలో ‘గ్లూకోజు ఎక్కించారు’ అని మనం ఒకే మాటతో చెప్పే సీసాల మధ్య ఉన్న తేడా కూడా ఇలాంటిదే. 5 శాతం డెక్స్‌ట్రోజు సీసాలో ఉన్నప్పుడు రక్తానికి దగ్గరగానే ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక కణాలు ఆ గ్లూకోజును వాడేసుకుంటాయి, మిగిలేది నీళ్లే. సెలైన్‌లోని సోడియం అలా మాయం కాదు.

సగం ఆగిన అణువు సంగతి

ఇప్పటిదాకా చూసినవి రెండు కొసలు, పూర్తిగా ఆగేది, పూర్తిగా పోయేది. అసలు ప్రపంచం ఈ రెంటి మధ్యలో ఉంది. 1951లో డచ్ శాస్త్రవేత్త స్టావెర్మన్ ఒక అంకెను ప్రతిపాదించాడు. పరావర్తన గుణకం అంటారు, గుర్తు సిగ్మా. పొర ద్రావితాన్ని పూర్తిగా తిప్పికొడితే 1, అసలు పట్టించుకోకపోతే 0. 1958లో కెడెమ్, కచాల్‌స్కీ దాన్ని వాడుకలోకి తెచ్చిన సమీకరణం మాటల్లో ఇది: పీడనాల తేడాలోంచి, సిగ్మాతో గుణించిన ద్రవాభిసరణ పీడనం తేడాను తీసేసి, పొర నీటిని వదిలే సులువుతో గుణిస్తే నీటి ప్రవాహం వస్తుంది.

సిగ్మా ఎక్కడినుంచి వస్తుంది? రంధ్రం గుండ్రటి గొట్టమని, అణువు గట్టి గోళీ అని అనుకుందాం. గోళీ కేంద్రం గోడకు తన వ్యాసార్ధం కంటే దగ్గరికి రాలేదు. కాబట్టి గొట్టం మధ్యలో ద్రావణం ఉంటుంది, గోడ వెంబడి పలుచటి ఒట్టి నీటి పట్టీ ఉంటుంది. నీటిని నడిపించే పీడనం తేడా ఆ పట్టీలోనే ఉంటుంది. కాలువలో గట్టు పక్క నీరు మెల్లగా, నడుమ నీరు వడిగా పోవడం మనకు తెలుసు. తోపు పుట్టేది గట్టు పక్కన, అక్కడ రాపిడి ఎక్కువ. అందుకే చిన్న అణువులు ఊహించిన దానికంటే చాలా తక్కువ ప్రవాహం పుట్టిస్తాయి.

1974లో ఆండర్సన్, మలోన్ ఈ చిత్రాన్ని లెక్కలోకి మార్చారు. పలుచటి ద్రావణం, విద్యుదావేశం లేని గుండ్రటి అణువులు అయితే లెక్క రెండు మెట్లు. అణువు వ్యాసార్ధం రంధ్రం వ్యాసార్ధంలో ఎన్నో వంతో చూసి, 1లోంచి తీసేసి, వర్గం చేయండి. వచ్చింది అణువు కేంద్రం తిరగగలిగే చోటు. దాన్ని 1లోంచి తీసేసి మళ్లీ వర్గం చేయండి. అదే సిగ్మా.

అణువు రంధ్రంలో పదో వంతు ఉంటే: 0.9 వర్గం 0.81, మిగిలింది 0.19, దాని వర్గం 0.036. సగం ఉంటే: 0.5 వర్గం 0.25, మిగిలింది 0.75, దాని వర్గం 0.56. పరిమాణం అయిదు రెట్లు పెరిగితే పట్టు పదిహేను రెట్లు పెరిగింది.

ఇది శుభ్రమైన నమూనా అని మర్చిపోకూడదు. ద్రావణం చిక్కబడితే అణువులు ఒకదాన్నొకటి రంధ్రంలోకి నెట్టుకుంటాయి, సిగ్మా తగ్గుతుంది. పొడవాటి గొలుసు లాంటి అణువులు వంగి దూరిపోతాయి. రంధ్రం గోడకూ అణువుకూ ఒకే రకం విద్యుదావేశం ఉంటే వికర్షణ వల్ల చిన్న అయానూ పెద్దదానిలా ప్రవర్తిస్తుంది.

రక్తంలో 5,500ను ఓడించే 25

ఈ లెక్క ఒంట్లో ఎక్కడ పని చేస్తుందో చూస్తే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. రక్తద్రవంలో కరిగిన మొత్తం రేణువుల ద్రవాభిసరణ పీడనం దాదాపు 5,500 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 7 అట్మాస్ఫియర్ల పైనే. అందులో ప్రోటీన్ల వాటా 25 మిల్లీమీటర్లు. అయినా రక్తకేశనాళికల గోడ దగ్గర నీరు లోపల ఉండాలా, కండలోకి జారాలా అన్నది తేల్చేది ఆ 25.

కేశనాళిక గోడలో సన్న రంధ్రాల వ్యాసార్ధం 4 నానోమీటర్లు అనుకుందాం. గ్లూకోజు వ్యాసార్ధం సుమారు 0.4, ఆల్బుమిన్ ప్రోటీన్‌ది 3.5. గ్లూకోజు సిగ్మా మనం ఇందాక చూసిన 0.036. ఆల్బుమిన్‌కు అదే లెక్క వేస్తే 0.97. గ్లూకోజు గోడకు ఒకవైపు లీటరుకు 10 మిల్లీమోల్స్ ఎక్కువుంటే ఒంటి వేడి దగ్గర వాంట్ హాఫ్ పీడనం 193 మిల్లీమీటర్లు, సిగ్మాతో గుణిస్తే మిగిలేది 7. ఆల్బుమిన్ లీటరుకు 40 గ్రాములు, అంటే 0.6 మిల్లీమోల్ మాత్రమే. పీడనం 11.6, గుణిస్తే 11. పదిహేడో వంతు రేణువులతో ఆల్బుమిన్ గెలిచింది. పైగా గ్లూకోజు తేడా ఎక్కువసేపు నిలవదు, దూరిపోయి సమానమైపోతుంది. మిగతా ప్రోటీన్లు, ఆల్బుమిన్ ఆవేశం తన చుట్టూ పట్టి ఉంచే అయాన్లు, ఇరుకు వల్ల వచ్చే అదనపు తోపు కలిసి ఆ 11ను 25 దాకా తీసుకెళతాయి.

మూత్రంలో ప్రోటీన్లు పోయే జబ్బుల్లో, కాలేయం చెడినప్పుడు ఒంటికి నీరు పట్టడానికి, కాలు నొక్కితే గుంట పడడానికి ఒక కారణం ఈ 25 తగ్గిపోవడమే. మెదడులో కథ వేరు. అక్కడి రక్తనాళాల గోడ చాలా బిగుతు, చిన్న అణువులకూ సిగ్మా ఎక్కువ. అందుకే మెదడు వాపుకు మానిటాల్ అనే చక్కెర లాంటి చిన్న అణువును ఎక్కిస్తారు. మిగతా ఒంట్లో కేశనాళికలు దాటిపోయే మానిటాల్, మెదడు దగ్గర ఆగిపోయి నీటిని బయటికి రప్పిస్తుంది.

కేశనాళికల దగ్గరా ఒక వివాదం సాగుతోంది. 1896లో స్టార్లింగ్ ఇచ్చిన చిత్రం ప్రకారం ధమని కొసన నీరు బయటికి, సిర కొసన తిరిగి లోపలికి. రక్తనాళం లోపలి గోడను కప్పి ఉండే సన్నటి చక్కెరల పొర, గ్లైకోకాలిక్స్, అసలు జల్లెడ అదేనని తర్వాత తేలింది. దాని వెనక ఉండే కొద్దిపాటి ద్రవంలోని ప్రోటీనే లెక్కలోకి వస్తుంది కనుక, చాలా కణజాలాల్లో నీరు సిర కొసన తిరిగి రాదని, శోషరస (లింఫ్) నాళాల ద్వారానే రక్తంలో కలుస్తుందని సవరణవాదుల మాట. అయితే ఆల్బుమిన్ ఎక్కించి నీటిని రక్తంలోకి లాగొచ్చన్న ఆశ ఎంతవరకు సబబు? ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఐసీయూల్లో సుమారు 7,000 మందిపై చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఆల్బుమిన్‌కూ సెలైన్‌కూ 28 రోజుల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పాత చిత్రం పూర్తిగా తప్పని దీంతో తేలదు, దాన్ని అక్షరాలా నమ్మి వైద్యం చేయలేమని మాత్రం తెలుస్తుంది.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం లీటరుకు మిల్లీమోల్స్‌లో ఇదీ: సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజు 75, పొటాషియం 20, సిట్రేట్ 10. కూడితే 245. రక్తంలో దాదాపు 290. అంటే ఓఆర్‌ఎస్ రక్తం కంటే కావాలనే కాస్త పలుచగా ఉంది, నీరు పేగు నుంచి ఒంటివైపు మొగ్గేలా.

గ్లూకోజు తీపి కోసం కాదు. పేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి చేరవేసే ప్రోటీన్ ఉంది. ఆ జంట లోపలికి పోతే లోపలివైపు రేణువులు పెరిగి, నీరు వెంట నడుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో, బొంగావ్ దగ్గర, కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి మరణాలను 30 శాతం దాకా ఉన్నచోటు నుంచి 4 శాతం లోపుకు తెచ్చారు.

2002 దాకా వాడిన పాత సూత్రంలో ఈ మొత్తం 311. పలుచన చేశాక పిల్లల్లో సెలైన్ పెట్టాల్సిన అవసరం సుమారు 33 శాతం తగ్గిందని అధ్యయనాలు చెప్పాయి. కలరా వచ్చిన పెద్దవాళ్లకు సోడియం 75 చాలదేమో, రక్తంలో సోడియం పడిపోతుందేమో అని అభ్యంతరం చెప్పినవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం ఉత్తిది కాదు, కలరా విరేచనాల్లో సోడియం నష్టం చాలా ఎక్కువ. పిల్లలకూ పెద్దలకూ ఒకే ప్యాకెట్ ఉండాలన్న సౌలభ్యం వైపు చివరికి తూకం మొగ్గింది.

ఇప్పుడు లీటరుకు 100 గ్రాముల పంచదార ఉన్న తియ్యటి పానీయం తీసుకోండి. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. 100 గ్రాముల పంచదార అంటే 292 మిల్లీమోల్స్. సీసా మీద ఆ అంకె చూస్తే రక్తంతో సమానమే కదా అనిపిస్తుంది. పేగు గోడ మీది ఎంజైమ్ ప్రతి పంచదార అణువునూ గ్లూకోజు, ఫ్రక్టోజుగా రెండు ముక్కలు చేస్తుంది. 292 కాస్తా 585కు చేరుతుంది. చేరవేసే ప్రోటీన్ల సంఖ్యకు హద్దుంది, జబ్బుపడ్డ పేగులో ఆ హద్దు ఇంకా తక్కువ. మిగిలిపోయిన చక్కెర పేగులోనే ఆగిపోతుంది. అలా ఆగిన ద్రావితం పొరకు అవతలున్న నీటిని, అంటే పిల్లాడి ఒంట్లోని నీటిని, పేగులోకి రప్పిస్తుంది. విరేచనం పెరుగుతుంది. ‘కాస్త తీపి ఎక్కువ’ అన్నదానికి లెక్కలో అర్థం ఇది.

ఊరి ఆర్‌ఓ ప్లాంటులో పంపు ఎందుకు?

మన ఊళ్లలో క్యాన్ నీళ్లు నింపే ప్లాంటు చేసేది ఇదే పనిని తలకిందులుగా. పీడనం పెట్టి నీటిని ఉప్పు వైపు నుంచి మంచినీటి వైపు తోయడం. బోరు నీటి టీడీఎస్ (లీటరులో కరిగిన పదార్థం, మిల్లీగ్రాముల్లో) 2,000 అనుకుని, అంతా మామూలు ఉప్పే అనుకుంటే ద్రవాభిసరణ పీడనం 1.7 అట్మాస్ఫియర్లు. సగం నీటిని మంచినీరుగా తీస్తే మిగిలిన సగంలో ఉప్పు రెట్టింపు, పీడనం 3.4. ముప్పావు తీస్తే 6.7. ఇంకా తీయాలంటే ఇంకా పెద్ద పంపు కావాలి. వేస్ట్ నీళ్లు వదలడం వెనక ఒక కారణం ఇది. పైగా పొర ఆపిన ఉప్పు పొర ముఖం మీదే పేరుకుంటుంది, కాబట్టి పొరకు తెలిసే చిక్కదనం మీటరు చూపించే దానికంటే ఎక్కువ. సముద్రపు నీటికి 27 అట్మాస్ఫియర్లు.

1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి పనికొచ్చే తొలి ఆర్‌ఓ పొరను తయారుచేశారు. నీరు ఆ పొరలోని అతి సన్నటి రంధ్రాల గుండా పారుతుందని సౌరిరాజన్ వాదించారు. రంధ్రాలు లేవు, నీరు పొర పదార్థంలో కరిగి విసరణతో దాటుతుందని 1965లో లాన్స్‌డేల్ బృందం ప్రతిపాదించిన చిత్రమే దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలను ఏలింది. 2023లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిమెలెక్ బృందం ఆ చిత్రాన్ని సవాలు చేసింది. పొరలో నీటిని నడిపేది పీడనం తేడాయే, ప్రవాహం రంధ్రాల గుండానే అని వాళ్ల మాట. దశాబ్దాలపాటు కొలతలతో సరిపోయిన పాత సమీకరణాలను వదులుకోవడానికి అందరూ సిద్ధంగా లేరు. కొంతవరకు ఇది రంధ్రం అని దేన్ని పిలవాలన్న తగాదా కూడా. నానోమీటరు కంటే చిన్న ఖాళీలో, పాలిమర్ గొలుసులు కదులుతూ ఉండగా, రంధ్రానికీ సందుకూ గీత ఎక్కడ గీస్తాం?

గోడకు అంటుకునే అణువులు, నార్వేలో ఉప్పు చిక్కుకున్న పొర

గోడ ద్రావితాన్ని తోసేయకుండా ఆకర్షిస్తే? మంచం మోసేవాళ్లను గుమ్మమే లోపలికి లాగితే తోపు తిరగబడాలి. నిజంగా తిరగబడుతుంది కూడా. సిగ్మా సున్నా కంటే కిందికి పోయి, నీరు చిక్కటి వైపు నుంచి పలుచటి వైపుకు నడుస్తుంది. విద్యుదావేశం ఉన్న పొరల్లో లవణాలతో ఈ వింతను పందొమ్మిదో శతాబ్దం నుంచే చూస్తున్నారు, రుణ ద్రవాభిసరణ అంటారు. బడి వాక్యం దిశ కూడా తప్పు చెప్పే చోటు ఇది.

పొర లోపల ద్రావితం ఎక్కడ చేరుతుందన్నది ఎంత ముఖ్యమో నార్వేలోని టోఫ్టేలో తేలింది. మంచినీరు సముద్రంలో కలిసే చోట సిద్ధాంతరీత్యా 27 అట్మాస్ఫియర్లు, అంటే 270 మీటర్ల జలపాతం దాగి ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. ఆ లెక్కన గోదావరి అంతర్వేది దగ్గర రోజూ ఎంత పోగొట్టుకుంటోందో ఊహించుకోవచ్చు. 2009లో స్టాట్‌క్రాఫ్ట్ సంస్థ ఈ శక్తితో కరెంటు తీసే తొలి నమూనా కేంద్రాన్ని టోఫ్టేలో తెరిచింది. గిట్టుబాటు కావాలంటే చదరపు మీటరు పొరకు 5 వాట్లు రావాలి. పలుచటి అసలు పొరకు ఆసరాగా ఉండే మందపాటి స్పంజి లాంటి అడుగు పొరలో ఉప్పు చిక్కుకుని, అసలు పొరకు రెండువైపులా ఉండాల్సిన తేడాను తినేసేది. సముద్రానికీ నదికీ మధ్య 27 అట్మాస్ఫియర్ల తేడా ఉన్నా, పలుచటి ఆ పొరకు అందేది అందులో కొంతే. 5 వాట్లు రాలేదు, 2013లో ప్రయత్నాన్ని ఆపేశారు.